డోలుకు పెట్టిన అన్నం

మా విశాఖపట్నంలో, ముఖ్యంగా పాత ఊరి వైపు, గురువారాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అది లక్ష్మివారం, మార్గశిరంలోనైతే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ముందు తెల్లవారకముందే వరుసలు కట్టే వారం. అందుచేత ఆ వారానికి గురువుతో ఉన్న సంబంధం నాకు చాలాకాలం పంచాంగంలో చదివిన మాటగానే ఉండిపోయింది. దానిని ఒక పూట వంటగా, వడ్డనగా, అతిథికి చేసే మర్యాదగా నేను మొదటిసారి చూసింది బ్యాంకాక్‌లో. థాయి భాషలో ఆ రోజును ‘వన్ ఫరుహత్సబోదీ’ అంటారు; పలుకుబడి మారిందే గానీ అది మన బృహస్పతి వారమే. సంగీతం నేర్చినవాళ్లు గురుపరంపరను కొలిచే ‘వై ఖ్రూ’ అనే వేడుకకు అక్కడ ఆ వారమే తగినదని నమ్ముతారు. వై అంటే చేతులు జోడించి నమస్కరించడం. ఖ్రూ అంటే మన గురు శబ్దమే.

నేను ముప్ఫై ఏళ్లుగా మృదంగం నేర్చుకుంటున్నాను. వాయిస్తున్నానని అనకుండా నేర్చుకుంటున్నానని అనడం వినయం కాదు; మహారాణిపేటలో ఉండే మా మాస్టారు నా చేతి కింద చాపు దెబ్బ విన్న ప్రతిసారీ ఆ మాటే అంటారు. ఉద్యోగం పని మీద బ్యాంకాక్‌లో రెండు వారాలు ఉండవలసి వచ్చినప్పుడు, అక్కడ పరిచయమైన ఒక డోలు వాద్యకారుడు నన్ను నది అవతల థొన్‌బురి వైపు ఉన్న తన గురువుగారింటికి తీసుకువెళ్లాడు. అది ఆషాఢ శుద్ధ పక్షం, వాళ్ల చాంద్రమానంలో ఎనిమిదో నెల. ఈ వేడుకకు సరిసంఖ్య నెలలే పనికివస్తాయనీ, బేసి నెలల్లో తొమ్మిదో దానికి మాత్రం మినహాయింపు ఉందనీ, తొమ్మిది అనే మాటా ముందుకు అడుగు వేయడమనే మాటా వాళ్ల నోట దాదాపు ఒకేలా పలకడమే అందుకు కారణమనీ అతడు దారిలో చెప్పాడు. ఇక్కడ మా ఇంట్లోవాళ్లు ఆ వారంలోనే సింహాచలం గిరిప్రదక్షిణకు, అంటే కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడకకు, సిద్ధమవుతున్నారు.

ముందురోజు సాయంత్రమే బౌద్ధ భిక్షువులు వచ్చి పఠనం చేసి వెళ్లారు. గురువారం ఉదయం మళ్లీ వచ్చిన వారికి భోజనం పెట్టిన తరువాతనే అసలు వేడుక మొదలయింది. మధ్యాహ్నం దాటితే భిక్షువులు అన్నం ముట్టరు కనుక వారి పూట ముందు తీరాలి. భీమిలి దారిలో మా తొట్లకొండ మీద పాత బౌద్ధ విహారపు భోజనశాల పునాదుల రాళ్లు చూపించి, ఇక్కడ భిక్షువులు కూర్చుని తినేవారని పిల్లలకు చెబుతూ ఉంటాను; ఆ వరుస, ఆ నిశ్శబ్దం ఎలా ఉండేవో నాకు ఆ ఉదయమే తెలిసింది.

వై ఖ్రూ గురించి ఎక్కడ అడిగినా ముందు వినిపించేది బడిపిల్లల వై ఖ్రూ. పాఠశాలలు తెరిచాక, సాధారణంగా జూన్ నెలలో ఒక గురువారం నాడు, పిల్లలు తమ ఉపాధ్యాయులకు నాలుగు వస్తువులు సమర్పిస్తారు: నూరువరహాల పూలు, గరిక, వంగపువ్వు, పేలాలు. నూరువరహాల పువ్వు పేరు థాయిలో ‘దోక్ ఖెమ్’, అంటే సూదిపువ్వు. బుద్ధి అంత సూక్ష్మంగా ఉండాలని. మనం ఆ గుత్తిని చూసి నూరు వరహాలను తలచుకున్నాం, వాళ్లు సూదిమొనను తలచుకున్నారు. ఎవరి చూపు దేనిమీద ఉందో ఇక్కడ చర్చించను. గరిక తొక్కినా మళ్లీ పాకుతుంది కనుక చదువు అలా పాకాలి. వంగపువ్వు కాయ కాయడానికి ముందు తల దించుకుంటుంది కనుక విద్యార్థికి అణకువ ఉండాలి. ‘వంగ’ అనే మాటలోనే వంగడాన్ని పెట్టుకున్న తెలుగువాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు. మంగలంలో వేడికి ఓర్చిన ధాన్యమే తెల్లగా విచ్చుకుంటుంది కనుక పేలాలు క్రమశిక్షణకు గుర్తు. ఇది చక్కని పాఠమే, బడికి తగిన పాఠం. కానీ సంగీతకారుల వేడుకలో నైవేద్యపు బల్ల మీద నేను చూసినది ఈ తీరులో ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క అర్థం అతికించి చదివించే వ్యవహారం కాదు. అక్కడ ఎవరూ నాకు ఏదీ దేనికి గుర్తో వివరించలేదు. ఎవరికి ఏది ఇష్టమో మాత్రమే చెప్పారు. పెళ్లివారికి విడిది చూపించేటప్పుడు, ‘వీరు కాఫీలో చక్కెర వేసుకోరు’ అని మనవాళ్లు చెప్పే ధోరణి అది.

మెట్లు మెట్లుగా కట్టిన పీఠం మీద, బుద్ధుని ప్రతిమను విడిగా ఎత్తున ఉంచి, దాని దిగువన ఖోన్ నాటకంలో వాడే ముఖాలను వరుసగా పెట్టారు. 2018లో యునెస్కో జాబితాకెక్కిన ముసుగు నాటకం అది. ఫ్రా ఇసువన్ ఈశ్వరుడు, ఫ్రా నారాయ్ నారాయణుడు, ఫ్రా ఫ్రోమ్ బ్రహ్మ, ఫ్రా ఫిక్ఖనేత్ మన విఘ్నేశ్వరుడు. సంగీతానికి ప్రత్యేకించిన వారు ముగ్గురు: విశ్వకర్మ అయిన విత్సనుకమ్, వీణను పోలిన వాద్యం పట్టిన పంచసిఖోన్, గంధర్వుడైన పరఖోన్‌థప్. వారి పక్కన గడ్డపు ముని ముఖం ఒకటి ఉంది. దానిని ‘ఫో కే’, అంటే ముసలి తండ్రి అని పిలుస్తారు. ఆయన పూర్తి పేరు ఫ్రా ఫ్రోత్ రుసీ అనీ, ఫ్రోత్ అంటే భరతుడనీ తెలిసిన క్షణంలో నేను ఇంకొకసారి నమస్కారం చేశాను. ఒక పక్కగా, కోరలతో, ముదురు రంగులో ఉగ్రరూపంగా ఉన్నది ఫ్రా ఫిరాప్, అంటే భైరవుడు. ఆయన పేరు మీద ఉన్న వాద్యరచనను అక్కడి సంగీతకారులు సరదాకు కూడా వాయించరు.

ఇక బల్ల సంగతి. మా ఇంట్లో మాంసం వండరు. కనుక నా చూపు ముందు పళ్ల వైపే వెళ్లింది. అరటి గెల, లేత కొబ్బరిబోండాలు, చెరకు ముక్కలు, నువ్వులు, పప్పులు, పాలు ఇవన్నీ మన వినాయకచవితి సరంజామాలాగే ఉన్నాయి. తరువాత ఉడికించిన పంది తలలు ఒక జత, ఉడికించిన బాతులు, కోళ్లు, గుడ్లు, చేపలు, రొయ్యలు కనిపించాయి. వాటికి ఎడంగా, వేరే బల్ల మీద, అవే వస్తువులు అదే లెక్కలో పచ్చివి ఉన్నాయి. పచ్చి పంది తల చెవుల మీద వెంట్రుకలు కాల్చిన నల్లటి జాడ కూడా కనిపించేంత దగ్గరగా నేను నిలబడ్డాను. తల పక్కన నాలుగు గిట్టలు, తోక, నాలుక పెట్టి ఉన్నాయి. మొత్తం జంతువును తెచ్చే శక్తి అందరికీ ఉండదు కనుక, ఆద్యంతాలు పెడితే నడుమ ఉన్నదంతా పెట్టినట్టే. వండినవి దేవతలకూ గతించిన గురువులకూ, పచ్చివి ఫ్రా ఫిరాప్‌కూ ఆయన పరివారానికీ. సీసాలలో మద్యం కూడా ఉంది. విఘ్నేశ్వరుడి ముఖానికి నాలుగడుగుల దూరంలో పంది తలను చూసి నాకు కలిగిన ఇబ్బందిని దాచుకోను. అయితే మా అమ్మమ్మగారి ఊళ్లో గ్రామదేవత పండగకు పోతురాజు ముందు కోడిని కోసి, సాక పోసి, అదే చేత్తో అమ్మవారికి చలిమిడి, వడపప్పు, పానకం పెట్టడం చిన్నప్పుడు చూసినవాణ్నే కనుక, ఆ బల్ల నాకు పరాయిది అనే హక్కు నాకు లేదని కూడా అక్కడే తోచింది.

నా కాళ్లు ఎక్కువసేపు నిలిచిపోయినది ‘బాయ్ సీ’ దగ్గర. అరటి ఆకును సన్నగా చీల్చి, వేలి కొసల్లా మడిచి, అంచెలంచెలుగా గోపురం కట్టి, పూలతో అలంకరించిన పళ్లెం అది. చిన్నదాని శిఖరం మీద పొట్టు తీసిన గుడ్డు ఒకటి నిలబెట్టి ఉంది. దానిని మడుస్తున్న పెద్దావిడ ముందురోజు నుంచీ అదే పనిలో ఉన్నారట. ఆకు వాడిపోకుండా పక్కన బకెట్‌లో నీళ్లు, ఆ నీళ్లలో విడి మడతలు. ‘బాయ్’ అనేది ఖ్మేర్ మాట, దానికి అర్థం అన్నం. ‘సీ’ మన శ్రీ. ఇంత శిల్పం చేసి చివరకు దానికి పెట్టిన పేరు శ్రీ అన్నం. దాని చుట్టూ మిఠాయిలు. జిగురు బియ్యప్పిండిలో కొబ్బరి, తాటిబెల్లం పూర్ణం పెట్టి ఉండలు చేసి, ఉడికించి, కొబ్బరి కోరులో దొర్లించిన ‘ఖనోమ్ తోమ్ ఖావ్’ను మా అమ్మ చూస్తే పూర్ణం కుడుము అనే అనేది, దాని జోడు ‘తోమ్ దేంగ్’, బెల్లం పాకంలో కొబ్బరితో కలిపిన ఎర్రనిది. తెలుపు, ఎరుపు రెండూ కలిసి ఉండాలి, ఒకటి లేకుండా రెండోది పెట్టరు. ఆవిరికి పొంగి నెత్తిన విచ్చుకున్న పిండివంట ‘ఖనోమ్ థువాయ్ ఫూ’ కూడా ఉంది. గుడ్డు సొనతో, చక్కెర పాకంతో బంగారు రంగులో చేసిన థోంగ్ యిప్, థోంగ్ యోత్, ఫోయ్ థోంగ్ అనేవి పోర్చుగీసుల వంట నుంచి వచ్చినవి. 17వ శతాబ్దంలో అయుత్థయలో ఉన్న మారియా గుయోమార్ ద పిన్హా పేరుతో వాటిని చెప్పుకుంటారు. గురుపూజ బల్ల మీదికి అవి వచ్చి చేరడానికి వాటి పేరులో ‘థోంగ్’, అంటే బంగారం, ఉండడమే చాలినట్టుంది.

ఇంత వంట పెట్టినా అతిథులైన దేవతలూ గతించిన గురువులూ తమంతట తాము తినరు. వాళ్ల చేత తినిపించేది సంగీతం. ఇది నేను చదివి తెలుసుకున్న సంగతి అయితే ఇంత నమ్మకంగా రాసేవాణ్ని కాను. తెల్లని బట్టలు కట్టిన ఆచార్యుడు పాళీ, సంస్కృతం, థాయి కలిసిన ఆవాహన వాక్యాలు చదువుతూ, మధ్యమధ్య ఆగి, ఫలానా వాద్యరచన వాయించండని పీఫాత్ అనే వాద్యమేళాన్ని కోరతాడు. వాళ్లు ముందు సాథుకాన్ వాయించారు. సాధుకారం, నమస్కార రచన. ఆ తరువాత ఒక్కొక్కరినీ పిలిచే రచనలు, స్నానానికి ‘లోంగ్ సోంగ్’. అటుపైన ‘సేన్ లావ్’, ‘నంగ్ కిన్’. మొదటిది మద్యం సమర్పించడానికి, రెండోది భోజనానికి. నంగ్ కిన్ అంటే ఉన్నమాటగా కూర్చుని తినడం. రంగస్థలం మీద పాత్రలు విందు చేసేటప్పుడు, తాగేటప్పుడు వాయించేవి కూడా ఇవే రచనలు. ప్రేక్షకులకు నాటకంలో ఏ స్వరం విని రాజు భోంచేస్తున్నాడని తెలుస్తుందో, ఇక్కడ ఆ స్వరం విని గురువులు భోంచేస్తున్నారని తెలుస్తుంది. మన ఆవాహనం, ఆసనం, స్నానం, నైవేద్యం అనే ఉపచారాల వరుస నాకు స్పష్టంగా కనబడింది గానీ, మనం ‘నైవేద్యం సమర్పయామి’ అని నోటితో అనే చోట వాళ్లు మాట అనకుండా వాయిస్తారు. నంగ్ కిన్ సాగినంతసేపూ గదిలో నలభై మంది ఉన్నా గాజు గలగల కూడా లేదు. అతిథి తింటుండగా మాట్లాడకూడదు కదా. ఆ రచన పూర్తయ్యాక మరొక రచన ఉంది, దాని పేరు ‘ప్రోయ్ ఖావ్ తోక్’, పేలాలు చల్లడం. మన పెళ్లిలో లాజహోమానికి బ్యాండువాళ్లు వాయించే సినిమా పాట గుర్తుకువచ్చి సిగ్గుపడ్డాను.

నన్ను తీసుకువెళ్లిన మిత్రుడు వాయించేది తఫోన్. మృదంగానికి దూరపు బంధువు. పీట మీద అడ్డంగా పడుకోబెట్టి రెండు వైపులా చేతులతో వాయిస్తారు. పరఖోన్‌థప్ రూపం ఆ డోలే అని నమ్మకం, అందుకే పీఠం మీద దానికి చోటు ఉంటుంది, తెల్లగుడ్డ ఉంటుంది. ఏ వాద్యాన్నీ దాటకూడదు, దీన్ని అసలే దాటకూడదు. మేళంలో వాయించవలసిన తఫోన్‌ను మిత్రుడు ఉదయం సిద్ధం చేస్తుంటే నేను పక్కనే కూర్చున్నాను. ఒక చిన్న గిన్నెలో ఉడికిన అన్నం. దానిలో బూడిద కలిపి, బొటనవేలితో నలిపి నలిపి, మెతుకు జాడ పోయి బూడిద రంగు ముద్ద అయ్యేదాకా మెదిపాడు. ఆ ముద్దను చర్మం నడుమ బిళ్లలాగా అద్ది, వేలితో తట్టి, కొంచెం గిల్లి తీసి, మళ్లీ తట్టి, శ్రుతి కుదిరేదాకా అలాగే చేశాడు. వాయించడం అయిపోయాక గీకి తీసేస్తారు.

మా మాస్టారింట్లో పన్నెండేళ్ల వయసులో నాకు అప్పజెప్పిన మొదటి పని వాయించడం కాదు, బొంబాయి రవ్వ తడపడం. మృదంగం తొప్పి మీద నడుమ ఆ రవ్వ ముద్ద అద్దకపోతే ఎడమ వైపు గుంభనం రాదు. నీళ్లు ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే కచేరీ నడుమ ఎండి రాలుతుంది. చెవి తమ్మెను పట్టుకుంటే ఎంత మెత్తగా ఉంటుందో అంత ఉండాలని ఆయన నా చెవి పట్టుకునే చూపించారు. కుడివైపు నల్లగా శాశ్వతంగా ఉండే కరణలో కూడా రాతిపొడితో కలిసి ఉన్నది అన్నమే. ఇన్నేళ్లూ దానిని సరంజామా అనుకున్నాను. బర్మాలో వాద్యాలకు అద్దే ఇలాంటి అన్నం ముద్దకు ‘పత్ సా’ అని పేరు; డోలు తిండి అని దాని అర్థం. బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్లు స్థిరపడిన బర్మా క్యాంపు కంచరపాలెం దగ్గర ఉన్న ఊళ్లో పుట్టి కూడా ఆ మాట నేను బ్యాంకాక్‌లో విన్నాను. దేవుడి ముఖం ముందు బల్ల నిండా పెట్టినదాని కంటే, గిన్నెలో గుప్పెడు మెతుకులు నలిపి పెట్టిన ఈ తిండే నాకు ఎక్కువ కాలం మనసులో ఉంటుంది.

విందు అయ్యాక ఆచార్యుడు దేవతల దగ్గర సెలవు తీసుకుని బల్ల ఎత్తించాడు. అడగకుండా ఎత్తడం లేదు; పెద్దలు లేచాకనే విస్తరి తీసినట్టు. తరువాత ఒక్కొక్క శిష్యుడి తల మీదా ముని ముఖాన్ని ఆనించి దీవించడం, దాని వెనుక ‘చప్ మూ’, అంటే చేయి పట్టడం. వలయంగా అమర్చిన కంచు గంటల వాద్యం ఖోంగ్ వోంగ్ యాయ్ ముందు కొత్త శిష్యుడు కూర్చుంటే, గురువు వెనుక నుంచి అతని రెండు చేతులనూ కర్రలతో సహా పట్టుకుని సాథుకాన్ మొదటి చరణాన్ని వాయిస్తాడు. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టి ఓనమాలు దిద్దించే దృశ్యం తప్ప దీనికి ఇంకొక పోలిక నాకు తట్టలేదు. అతిథినైన నన్ను కూడా కూర్చోబెట్టారు. దానికి ముందు ‘కమ్నోన్’ ఇవ్వాలి: చిన్న గిన్నెలో పూలు, అగరువత్తులు, కొవ్వొత్తి, తెల్లగుడ్డ, 6 బాత్‌లు. నా జేబులో వంద బాత్‌ల నోట్లు ఉన్నాయి. అవి పనికిరావు, ఆరే కావాలి. ఎవరో శిష్యురాలు నాణేలు సర్దింది. దసరాకు విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ తిరిగిన మన బడిపిల్లలు ‘అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాండ్లకు చాలు పప్పు బెల్లాలు’ అని పాడిన లెక్క కూడా ఇలాంటిదే. చాలు అనే మాట అందులో ఉంది. అది బేరం కాదు, హద్దు.

ఆషాఢం వెళ్లకముందే ఊరికి వచ్చి మాస్టారికి ఫోన్‌లో ఫొటోలు చూపించాను. పంది తల దగ్గరకు రాగానే ఆయన ఫోన్‌ను కొంచెం దూరంగా పట్టుకున్నారు గానీ తిరిగి ఇవ్వలేదు. పచ్చివెందుకురా అని అడిగారు. ఫిరాప్‌కు అని చెప్పాను. ఆయన లేచి వెళ్లి, అట్ట ఊడిన నాట్యశాస్త్రం తెచ్చి, మూడో అధ్యాయంలో రంగదేవతల పూజ తీశారు. బ్రహ్మకు మధుపర్కం, సరస్వతికి పాయసం, శివుడికీ విష్ణువుకూ ఇంద్రుడికీ మోదకాలు, గంధర్వులకూ మునులకూ తేనె కలిపిన పాయసం, సముద్రాలకూ నదులకూ చేపలు, పిండివంటలు, భూతగణాలకు మాంసం, మద్యం. రాక్షసగణాలకు వండిన మాంసం, పచ్చి మాంసం రెండూ. ఆ చివరి శ్లోకం మీద వేలు పెట్టి ఆయన కాసేపు ఊరుకున్నారు.

“అయితే ఇదంతా మన దగ్గరి నుంచే వెళ్లిందన్నమాట మాస్టారూ” అన్నాను.

“ఏం వెళ్లిందిరా? నీ బల్ల మీద ఖ్మేర్ వాళ్ల అన్నం ఉంది, పోర్చుగీసు వాళ్ల గుడ్డు సొన ఉంది, వాళ్ల ఊళ్లో వాళ్లు ఎప్పటి నుంచో పెట్టుకుంటున్నవి ఉన్నాయి. పుస్తకం మన దగ్గర ఉంది. బల్ల మన దగ్గర లేదు” అన్నారు ఆయన. లోపల నుంచి అమ్మగారు, మన దగ్గర లేకపోవడమేమిటి, భీమిలి పోయి గ్రామదేవత గుడి దగ్గర చూడమనండి అన్నారు. మాస్టారు దానికి బదులు చెప్పలేదు.

తరువాత ఇంకొక ఫొటో మీదికి జరిపి, బల్ల ఎత్తాక నువ్వేమి తిన్నావని అడిగారు. ఒక అరటిపండు, తెల్లది ఒకటి, ఎర్రది ఒకటి కుడుము తిన్నానని చెప్పాను. మిగతావి? మిగతావి పక్కవాళ్లకు ఇచ్చేశాను మాస్టారూ, అన్నాను.

జీవితంలో గుడ్డు కూడా ముట్టని మా మాస్టారు కళ్లజోడు తీసి నా వైపు చూశారు. “ప్రసాదాన్ని ఏరుకుని తిన్నావన్నమాట.”

ఆ సాయంత్రం ఆయనకు మృదంగం కచేరీ ఉంది. నేను రవ్వ తడపడానికి వంటింట్లోకి వెళ్లాను.